ఎక్కలేని రైలు

భిలాయి ఉక్కు కర్మాగారంలో పుట్టే రైలును ఎవరూ ఎక్కలేరు. దానికి చక్రాలుండవు, ఇంజనుండదు, కిటికీ పక్క సీటు అసలే ఉండదు. ఎర్రగా కాలుతూ మిల్లులోంచి దూసుకొచ్చే ఉక్కు కడ్డీ అది. షిఫ్టు దిగి ఇంటికొచ్చిన తెలుగు కార్మికుడు “ఇవాళ రైళ్లు బాగా వచ్చాయి” అన్నాడంటే మిల్లులో పని సాఫీగా సాగిందని అర్థం. అదే మనిషి వేసవి సెలవుల్లో పిల్లాపాపలతో దుర్గ్ స్టేషన్లో నిలబడి “రైలొచ్చింది” అన్నాడంటే సంచులు అందుకోమని అర్థం. ఒకే నోరు, ఒకే మాట, రెండు వస్తువులు. ఒకటి నేల మీద పడుకుంటుంది, రెండోది దాని మీద పరిగెడుతుంది.

ఇంగ్లీషువాడికి ఈ తికమక లేదు. వాడి దృష్టిలో రైలంటే ఇప్పటికీ కింద పడుకున్నదే. మీద పరిగెత్తేది ట్రెయిను. మరి మన దగ్గర పేరు కిందినుంచి పైకి ఎలా ఎగబాకింది? అది తెలియాలంటే ముందు ఆ కడ్డీ ఎలా వచ్చిందో చెప్పుకోవాలి. దాని కథలో మలుపు మలుపునా ఒక కొత్త వస్తువు పుట్టింది. ప్రతిసారీ పాత పేరే దానికి తగిలించారు.

ఇంగ్లీషు నిఘంటువులో ‘రైల్’ దగ్గర ఆగితే మూడు వేర్వేరు కుటుంబాలు ఒకే ఇంటి నంబరు మీద కాపురం ఉంటున్నట్టు కనిపిస్తాయి. ఒకటి పక్షి. చెరువు గట్లమ్మట తుంగల్లో తిరిగే మన నీటికోడి ఆ కుటుంబానిదే. దాని బొంగురు అరుపును బట్టి పాత ఫ్రెంచివాళ్లు పెట్టిన పేరది. రెండోది క్రియ: ఒకరి మీద విరుచుకుపడి తిట్టిపోయడం. అదీ ఫ్రెంచి నుంచే, ఎగతాళి చేయడమనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. మూడోది కడ్డీ. మెట్ల పక్కన చేతికి ఊతమిచ్చేది, బాల్కనీకి అడ్డుగా నిలిచేది, స్నానాల గదిలో తువ్వాలు ఆరేసేది, తలుపు చట్రంలో అడ్డంగా బిగించే చెక్క, అన్నీ రైళ్లే. అమెరికావాళ్లు ‘రైల్‌రోడ్’ను క్రియగా కూడా మార్చుకున్నారు. సభలో చర్చకు చోటివ్వకుండా బిల్లును దౌడు తీయించడానికి ఆ మాట వాడతారు. మన శాసనసభల విలేకరులకు ఇలాంటి మాట ఒకటి అవసరమే.

ఈ మూడో కుటుంబానికి వంశవృక్షం పెద్దది. లాటిన్‌లో ‘రెగులా’ అంటే తిన్నని కర్ర, గీతలు గీసుకునే బద్ద. అది పాత ఫ్రెంచిలో అరిగి అరిగి ఇంగ్లీషుకు చేరేసరికి రైల్ అయింది. అదే రెగులా మరో దారిన వచ్చి ‘రూల్’ అయింది, ‘రెగ్యులర్’ అయింది. అంటే మన బడిపంతుళ్ల చేతిలోని రూళ్లకర్రకూ రైలుకూ చుట్టరికం ఉంది. ఇంకా వెనక్కి పోతే, తిన్నగా ఉండటం, తిన్నగా నడిపించడం అనే అర్థాలున్న ఆ ఇండో-యూరోపియన్ ధాతువు నుంచే సంస్కృతంలో ‘ఋజు’ వచ్చిందనీ, ‘రాజు’ కూడా ఆ తెగవాడేననీ భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. వంకర లేకపోవడమే ఈ మాటకు మూలార్థమన్న సంగతి గుర్తుంచుకోండి. భిలాయి మిల్లుకు చేరాక దాంతో పనుంది.

బండి చక్రాల కింద రైలు వేయాలన్న ఆలోచన గనుల్లో పుట్టింది. 1556లో అచ్చయిన అగ్రికోలా గ్రంథంలో జర్మన్ గనుల బొమ్మలున్నాయి. గని లోపల నేల మీద చెక్క పలకలు పరిచి, వాటి మధ్య సందు వదిలేవారు. బండి అడుగున ఉన్న ఇనుప మేకు ఆ సందులో ఇరుక్కుని బండిని దారి తప్పనిచ్చేది కాదు. కదిలేటప్పుడు కుక్క మొరిగినట్టు చప్పుడు చేస్తుందని ఆ బండిని ‘కుక్క’ అనే పిలిచేవారట. ఇంగ్లండులో నాటింగ్‌హాం దగ్గర హంటింగ్‌డన్ బోమాంట్ అనే ఆసామి 1604 నాటికి బొగ్గు తరలించడానికి సుమారు రెండు మైళ్ల చెక్క రైలుదారి వేశాడు. దాని మీద బండ్లను గుర్రాలు లాగేవి. మట్టిరోడ్డు మీద లాగే బరువుకు ఎన్నో రెట్లు ఆ దారి మీద లాగగలిగాయి. తోట చుట్టూ కంచెగా అడ్డంగా కట్టే వాసాల్ని అప్పటికే రైళ్లనేవారు. అలాంటి వాసాలనే నేల మీద పడుకోబెట్టారు కాబట్టి పేరు కోసం వెతుక్కోనక్కర్లేకపోయింది.

చెక్క వానకు కుళ్లుతుంది, చక్రానికి అరుగుతుంది. 1767లో కోల్‌బ్రూక్‌డేల్ కొలిమివాళ్లు చెక్క వాసాల మీద పోత ఇనుప పలకలు పరిచారు. దీని వెనక ఒక తమాషా కథ చెబుతారు. అప్పుడు దుక్క ఇనుము ధర పడిపోయి సరుకు పోగుపడిందట. గోదాములో పెట్టేకంటే దారి మీద పరిస్తే పనికొస్తుంది, ధర పెరిగాక ఊడబెరికి అమ్ముకోవచ్చు అనుకున్నారట. ఊడబెరికే అవసరం మళ్లీ రాలేదు. ఇనుప రైలు పుట్టుకలో మేధస్సు ఎంత ఉందో, బేరం కుదరకపోవడమూ అంతే ఉందన్నమాట.

ఆ తర్వాత 1787 ప్రాంతంలో షెఫీల్డు గనుల్లో జాన్ కర్ అనే ఆయన నేరుగా ఇనుముతోనే, ఒక అంచు పైకి లేచి ఉండేలా పలకలు పోత పోయించాడు. చక్రం పక్కకు జారకుండా ఆ అంచు ఆపేది. వీటిని రైళ్లనలేదు, ప్లేట్లన్నారు. వాటిని పరిచేవాడు ప్లేట్‌లేయర్. ప్లేట్లు పోయి రెండు శతాబ్దాలవుతున్నా, పట్టాలు చూసుకునే మనిషిని ఇంగ్లండులో చాలాకాలం ప్లేట్‌లేయరనే అన్నారు, మన రైల్వేల్లోనూ ఆ పేరు పాకింది. ఇక్కడే మన భాష సంగతొకటి చెప్పుకోవాలి. ఆ కడ్డీని మనం పట్టా అంటాం. సంస్కృతంలో ‘పట్ట’ అంటే పలక, రేకు. రాజులు దానశాసనాలు చెక్కించిన రాగిరేకు కూడా పట్టమే. అందుకే భూమి హక్కు కాగితం పట్టా, డిగ్రీ కాగితం పట్టా, రైలు కింది ఇనుమూ పట్టానే. ఇళ్ల పట్టాల కోసం ధర్నా చేసేవాళ్లు రైలు పట్టాల మీద కూర్చున్నారని పేపర్లో చదివితే తెలుగువాడికి కాక ఇంకెవరికి అర్థమవుతుంది! షెఫీల్డు ప్లేటుకీ మన పట్టాకీ పుట్టుకలో సంబంధం లేకపోయినా ఆలోచనలో ఇద్దరం ఒకచోటికే వచ్చాం.

ప్లేట్ల మీద దుమ్మూ రాళ్లూ చేరేవి. 1789 ప్రాంతంలో విలియం జెస్సప్ ఆ అంచును రైలు మీదనుంచి తీసేసి చక్రానికి పెట్టాడు. ఇవాళ మనం చూసే ప్రతి రైలు చక్రానికీ లోపలి వైపున ఆ అంచుంది. దాంతో రైలు మళ్లీ సన్నని కడ్డీ అయింది, పాత పేరు తిరిగి నిలబడింది.

అసలు పరీక్ష ఇంజన్ వచ్చాక మొదలైంది. 1804 ఫిబ్రవరి 21న వేల్స్‌లోని పెనిడారెన్‌లో రిచర్డ్ ట్రెవిథిక్ తన ఆవిరి ఇంజన్‌తో 10 టన్నుల ఇనుమునూ, 70 మంది మనుషులనూ తొమ్మిది మైళ్లకు పైగా లాగించాడు. ఇంజన్ గెలిచింది, దారి ఓడింది. ఆ బరువుకు పోత ఇనుప ప్లేట్లు పుటుక్కున విరిగాయి. ఇంజన్‌ను పక్కనపెట్టి మళ్లీ గుర్రాలనే కట్టారు. బడి పుస్తకాల్లో ఆవిరి ఇంజన్ కథే ఉంటుంది గాని, ఆ ఇంజన్ను పదహారేళ్లకు పైగా నిజంగా ఆపిన అడ్డంకి దాని కిందే ఉందని ఎవరూ చెప్పరు.

ఆ అడ్డంకిని తొలగించినవాడు జాన్ బర్కిన్‌షా. బెడ్లింగ్టన్ ఇనుప కర్మాగారంలో పనిచేసే ఆయన 1820లో చేత ఇనుమును రోలర్ల మధ్య నలిపి 15 అడుగుల రైళ్లు తీసే పద్ధతికి పేటెంటు పొందాడు. పోత ఇనుప రైలు మూడు నాలుగు అడుగులకు మించి ఉండేది కాదు, పైగా పెళుసు. కొత్త రైలు వంగేది గాని విరిగేది కాదు. అప్పటికి జార్జ్ స్టీఫెన్‌సన్‌కు విలియం లాష్‌తో కలిసి పోత ఇనుప రైలు మీద సొంత పేటెంటుంది. స్టాక్టన్-డార్లింగ్టన్ లైనుకు తన రైళ్లే అంటగట్టి ఉంటే సొమ్ము చేసుకునేవాడు. కాని ఆయన బర్కిన్‌షా రైలే మేలని సిఫారసు చేశాడు. లాష్‌తో స్నేహం చెడింది. 1825లో ఆ లైను మొదలయ్యేసరికి ఎక్కువ భాగం చేత ఇనుప రైళ్లే పడ్డాయి. స్టీఫెన్‌సన్ చేసిన ఇంజన్లకంటే ఈ సిఫారసే ఆయన చేసిన గొప్ప పని అని నా అభిప్రాయం.

ఇక దాని ఆకారం. తల లావుగా, నడుం సన్నగా, పాదం వెడల్పుగా ఉండే నేటి రైలు రూపం ఓడ ప్రయాణంలో తట్టిందంటారు. 1830లో అమెరికా న్యూజెర్సీ రైల్వే కోసం రైళ్లు కొనడానికి ఇంగ్లండు బయల్దేరిన రాబర్ట్ స్టీవెన్స్ దారిలో కాలక్షేపానికి కర్రముక్కను చెక్కుతూ ఈ కోత ఆకారాన్ని తయారు చేశాడట. దాన్ని వేల్స్‌లోని డౌలైస్ కర్మాగారంలో రోల్ చేయించాడు. వెడల్పు పాదం ఉండటం వల్ల రైలును నేరుగా స్లీపరు మీద పెట్టి మేకులు దిగ్గొట్టొచ్చు, మరో దిమ్మె అక్కర్లేదు.

చివరికి ఉక్కు. 1856లో బెసెమర్ తన పద్ధతిని ప్రకటించాడు. మరుసటి ఏడాది రాబర్ట్ మషెట్ చేయించిన తొలి ఉక్కు రైలును డెర్బీ స్టేషన్ దగ్గర వేశారు. బాగా రద్దీగా ఉండే ఆ చోట ఇనుప రైళ్లను నెలల వ్యవధిలోనే మార్చాల్సి వచ్చేది. మషెట్ రైలు 1873 దాకా, పదహారేళ్లు నిలిచింది. ఆ తర్వాత ఇనుప రైలును ఎవరూ అడగలేదు. ఎందుకంత గట్టిదో చూసి చెప్పినవాడు షెఫీల్డుకే చెందిన హెన్రీ సార్బీ. ఉక్కును నున్నగా మెరుగుపెట్టి సూక్ష్మదర్శిని కింద పెడితే, మెత్తని ఇనుమూ గట్టి కార్బైడూ పొర మీద పొరగా పేర్చి కనబడ్డాయి, వెలుగు పడితే ముత్యపు చిప్పలా మెరిశాయి. అందుకే ఆ అమరికను పెర్లైట్ అంటున్నారు. భిలాయిలో ఇవాళ తీసే మామూలు రైలు కూడా పెర్లైటు ఉక్కే. అందులో కార్బన్ 0.6 నుంచి 0.8 శాతం మధ్య ఉంటుంది.

మన దేశానికి ఈ కడ్డీలు ఓడల్లో వచ్చాయి. 1837లో మద్రాసు దగ్గర రెడ్‌హిల్స్ నుంచి రోడ్లకు రాళ్లు తేవడానికీ, 1840లలో ధవళేశ్వరంలో ఆనకట్ట రాళ్లు మోయడానికీ రైలుదారులు వేశారు. అంటే ప్రయాణికులతో 1853 ఏప్రిల్ 16న బొంబాయి నుంచి ఠాణాకు బండి కదలకముందే గోదావరి ఒడ్డున రైలుంది. అయితే అది జనం ఎక్కే రైలు కాదు. ఆ తర్వాత జనం ఎక్కే బండి వచ్చింది. పండితులు దాన్ని ధూమశకటం అన్నారు, పల్లెల్లో పొగబండి అన్నారు, రైలు మీద నడిచే బండి కాబట్టి రైలుబండి అన్నారు. మూడింట్లో చివరిదే నిలిచింది. నాలుక బద్ధకానికి ‘బండి’ జారిపోయింది, ‘రైలు’ మిగిలింది. అంతే, పేరు కడ్డీ మీదనుంచి బండి మీదకెక్కింది. ఇందులో మనం చేసిన తప్పేమీ లేదు. ప్రవాహమని అర్థమున్న ‘కరెంటు’ను కూడా మనం ఇలాగే విద్యుత్తుకు కట్టేశాం, ఎవరికీ ఇబ్బంది కాలేదు.

హిందీవాళ్లూ అదే పని చేశారు. రేల్‌గాడీలో గాడీ పోయి రేల్ మిగిలింది. వాళ్లకు ఇంకో సౌలభ్యం కూడా ఉంది. తోపులాటకు ‘రేల్‌పేల్’ అనే మాట వాళ్ల దగ్గర ఉంది. పండగ ముందు జనరల్ పెట్టె ఎక్కినవాళ్లెవరూ ఆ పోలికను కాదనరు. రష్యన్లు మాత్రం కడ్డీనే పట్టుకున్నారు, కాకపోతే ఇంగ్లీషు బహువచనం ‘రైల్స్’ను ఏకవచనమనుకుని ఒక్క కడ్డీని ‘రెల్స్’ అన్నారు. రెండు కావాలంటే దానికి మళ్లీ తమ బహువచనం తగిలిస్తారు. మన పిల్లలు ‘షూస్‌లు’ అన్నట్టే.

రష్యన్ల ప్రస్తావన ఊరికే తేలేదు. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందంతో భిలాయి కర్మాగారం మొదలైంది. నిజానికి అరశతాబ్దం ముందే ఆ చుట్టుపక్కల ఉక్కు పుట్టాల్సింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో దోరాబ్జీ టాటా నాగపూర్ సచివాలయానికి పని మీద వెళ్లి, ఎదురుచూడలేక ఎదురుగా ఉన్న మ్యూజియంలోకి నడిచాడు. అక్కడి భూగర్భ పటంలో దుర్గ్ జిల్లా ప్రాంతం ఇనుప ఖనిజానికి గుర్తుగా ముదురు రంగులో కనబడింది. ఆయన మనుషులు వెళ్లి చూస్తే దల్లి, రాజ్‌హరా కొండలు నిజంగానే ఇనుప కొండలు. కాని దగ్గర్లో అనువైన బొగ్గూ నీరూ కుదరక టాటాలు మయూర్‌భంజ్ వైపు మళ్లారు, జంషెడ్‌పూర్ పుట్టింది. ఆ కొండలు భిలాయి కోసం ఆగాయి. దశాబ్దాల పాటు ఈ కర్మాగారానికి ఖనిజం ఇచ్చినవి అవే.

1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. 1960లో రైల్ అండ్ స్ట్రక్చరల్ మిల్లు నడవడం మొదలైంది. ఆ మిల్లులో కడ్డీని సోవియట్ ఇంజనీర్లు రెల్స్ అన్నారు, మన ఇంజనీర్లు రైల్ అన్నారు. హిందీలో రాసేవాళ్లకు చిక్కొచ్చిపడింది, ఎందుకంటే రేల్ అప్పటికే బండి అయిపోయింది. కర్మాగారం హిందీ ప్రకటనల్లో ఇప్పటికీ ‘రేల్‌పాంత్’ అనే మాట కనబడుతుంది. పాంత్ అంటే మన పంక్తే. భోజనాల పంక్తి లాంటి మాట ఉక్కు కడ్డీకి వెళ్లి అతుక్కుంది.

తెలుగువాళ్లు అక్కడికి ఎలా చేరారన్న ప్రశ్నకూ జవాబు రైలే. విజయనగరం నుంచి పార్వతీపురం మీదుగా రాయపూర్ దాకా లైను 1931లో పూర్తయింది. కర్మాగారం కట్టడానికి మనుషులు కావాల్సి వచ్చినప్పుడు ఉత్తరాంధ్ర కూలీకి భిలాయి ఒక్క రాత్రి ప్రయాణం. తట్ట మోయడానికి వెళ్లినవాళ్లు కొందరు మిల్లులో ఆపరేటర్లయ్యారు, చదువుకున్నవాళ్లు ఇంజనీర్లుగా వచ్చారు. ఖుర్సీపార్ వీధుల్లో తెలుగు వినబడటానికీ, సెక్టార్ 5లో బాలాజీ గుడి వెలవడానికీ మూలం అదే. 2024 సెప్టెంబరు నుంచి దుర్గ్-విశాఖపట్నం మధ్య వందేభారత్ కూడా నడుస్తోంది. తాతలు కూలికొచ్చిన దారిలోనే మనవలు ఏసీలో కూర్చుని పోతున్నారు.

ఇప్పుడు మిల్లులోకి వెళ్దాం. అక్కడ ఇంగ్లీషు మాటలన్నీ బయటి అర్థాలు వదిలేసి లోపలికొస్తాయి. బ్లూమ్ అంటే పువ్వు కాదు, దూలమంత ఉక్కు దిమ్మె. హీట్ అంటే వేడి కాదు, కొలిమిలో ఒక్క వాయిగా దిగిన ఉక్కు. “ఆ హీట్ బాలేదు” అన్నారంటే ఎండ గురించి కాదు, ఆ వాయి ఉక్కంతా అనుమానంలో పడిందని. బ్లూమ్‌ను 1200 డిగ్రీలకు పైగా కాల్చి, పైన పట్టిన పొక్కును నీటి జోరుతో కడిగి రోలర్ల మధ్యకు పంపుతారు. ముందుకీ వెనక్కీ పోయిన కొద్దీ దిమ్మె సన్నబడి సాగుతుంది, స్టీవెన్స్ కర్రముక్క ఆకారం నెమ్మదిగా తేలుతుంది. కొత్త యూనివర్సల్ మిల్లులోనైతే నాలుగు వైపులనుంచీ ఒకేసారి నొక్కుతారు.

ఇక్కడే రెగులా మళ్లీ ఎదురవుతుంది. వేడి రైలు చల్లారుతున్నప్పుడు వంకరపోతుంది. పాదం పలచన, త్వరగా చల్లారుతుంది. తల లావు, ఆలస్యంగా చల్లారి ఆలస్యంగా ముడుచుకుంటుంది. దాంతో రైలు విల్లులా వంగుతుంది. అందుకని కూలింగ్ బెడ్ మీద పెట్టేటప్పుడే దాన్ని ముందుగా ఎదురు దిక్కుకు వంచి పెడతారు. చల్లారేసరికి దాదాపు తిన్నగా వస్తుంది. మిగిలిన వంకరను పైనా కిందా రోలర్లున్న యంత్రంలోంచి లాగి తీస్తారు. ఆ తర్వాత లేజరుతో కొలుస్తారు. మిల్లీమీటరులో కొన్ని వంతుల తేడా ఉన్నా ఒప్పుకోరు, ఎందుకంటే ఆ తేడా మీదుగా గంటకు వంద కిలోమీటర్లకు పైగా వేగంతో చక్రం వెళ్లాలి. లాటిన్‌వాడు కర్రకు పెట్టిన పేరుకు న్యాయం చేయడానికి ఇంత తతంగం!

పైకి కనబడే వంకర సులువే. లోపల దాగే లోపం ప్రాణం మీదికి తెస్తుంది. 1911 ఆగస్టు 25న అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని మాంచెస్టర్ దగ్గర రైలు విరిగి 29 మంది చనిపోయారు. విరిగిన ముక్కలను పరీక్షించిన జేమ్స్ హోవర్డ్‌కు రైలు తల లోపల, అడ్డంగా, గుండ్రంగా పాకిన పగుళ్లు కనబడ్డాయి. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. ఇరవయ్యేళ్ల పరిశోధన తర్వాత దోషి హైడ్రోజన్ అని తేలింది. సున్నంలోనో, కలిపే లోహాల్లోనో, కొలిమి ఇటుకల్లోనో ఉన్న తేమ నుంచి అది కరిగిన ఉక్కులో చేరుతుంది. ఉక్కు చల్లారేటప్పుడు బయటికి పోయే దారిలేక లోపలే సన్నని చీలికలు చేస్తుంది. 1930ల మొదట్లో కెనడాలోని సిడ్నీ ఉక్కు కర్మాగారంలో ఐ.సి. మాకీ దీనికి విరుగుడు కనిపెట్టాడు. వేడి రైళ్లను మూతపెట్టిన పెట్టెల్లో గంటల తరబడి నెమ్మదిగా చల్లార్చడమే ఆ విరుగుడు. హైడ్రోజన్ మెల్లగా బయటికి జారిపోతుంది. ఇంత చవకైన ఆవిష్కరణ ఇన్ని ప్రాణాలు కాపాడటం లోహశాస్త్రంలో అరుదు.

తర్వాత తర్వాత హైడ్రోజన్‌ను రైలయ్యాక కాదు, ఉక్కు ద్రవంగా ఉన్నప్పుడే లాగేయడం నేర్చుకున్నారు. ద్రవపు ఉక్కును శూన్యపు గదిలోకి పీల్చి తిప్పితే వాయువు తేలిపోతుంది. భిలాయి రైలు ఉక్కుకు ఇప్పుడు ఆ శుద్ధి జరుగుతుంది. పది లక్షల భాగాల్లో హైడ్రోజన్ 1.6 భాగాలకు మించకూడదని భారతీయ రైల్వేల నిబంధన. అందువల్ల ఉక్కు నగరంలో వానాకాలం గొడుగుల సమస్య మాత్రమే కాదు. తడిసిన సున్నం కూడా లెక్కలోకొస్తుంది.

పొడవు కథ కూడా చెప్పాలి. చాలాకాలం మన రైలు పొడవు 13 మీటర్లు. రెండు రైళ్ల మధ్య చిన్న సందు వదిలి, పక్కలనుంచి ఇనుప పలకలు బిగించేవారు. ఎండకు ఉక్కు సాగుతుంది. 40 డిగ్రీల తేడాకు 13 మీటర్ల రైలు ఆరు మిల్లీమీటర్లు పెరుగుతుంది, ఆ సందు అందుకే. ఆ పలకల్నే తెలుగు పేపర్లు “ఫిష్‌ప్లేట్లు తొలగించిన దుండగులు” అని రాస్తుంటాయి. 1847లో వీటికి పేటెంటు తీసుకున్న బ్రిడ్జెస్ ఆడమ్స్‌కు చేపలతో పనేమీ లేదు. విరిగిన ఓడ తెరచాప కొయ్యకు పక్కనుంచి కట్టే దన్నుచెక్కను నావికులు ‘ఫిష్’ అంటారు, బిగించడమనే అర్థమున్న ఫ్రెంచి మాట నుంచి వచ్చింది. ఆ అతుకుల దగ్గరే చక్రం ఎగిరిపడేది, టకటకమనే చప్పుడు పుట్టేది, రైలు కొనలు నలిగేవి. పాత సినిమా పాటల్లో లయకు ఆ చప్పుడు బాగా పనికొచ్చింది గాని, పట్టాలు చూసుకునే గ్యాంగ్‌మన్‌కు అది తలనొప్పి.

అందుకే అతుకులు తగ్గించడమే రైలు తయారీ లక్ష్యమైంది. 13 మీటర్ల తర్వాత 26 మీటర్లు, ఆ తర్వాత 65. యూనివర్సల్ రైల్ మిల్లు వచ్చాక భిలాయిలో ఒక్క ముక్కగా 130 మీటర్ల రైలు తీస్తున్నారు. విస్తరించిన కర్మాగారాన్ని 2018 జూన్ 14న ప్రధాని జాతికి అంకితం చేశారు. రెండు 130 మీటర్ల రైళ్లను కర్మాగారంలోనే అతికితే 260 మీటర్లు. మీటరుకు 60 కిలోల చొప్పున అది పదిహేనున్నర టన్నులకు పైమాటే. దాన్ని ఒక్క వ్యాగన్లో పట్టించలేరు. ఎన్నో వ్యాగన్ల మీద వరసగా పడుకోబెట్టి తీసుకుపోతారు. మలుపుల్లో వ్యాగన్లతో పాటు ఆ రైళ్లూ వంగుతాయి, దారి తిన్నగా అయ్యాక మళ్లీ తిన్నబడతాయి. అప్పుడు చూడాలి ఆ దృశ్యం: రైలు మీద రైలు, ఆ రైలు మీద రైలు. ఈ వాక్యం ఇంగ్లీషులోకి అంత సులువుగా పోదు, హాయిగా తెలుగులోనే ఉండనివ్వండి.

పాత మాటను కొత్త వస్తువుకు తగిలించడం భాష బీదరికం అనుకునేవాళ్లున్నారు. ప్రతి అర్థానికీ ఒక అచ్చతెలుగు మాట పుట్టించాలని పట్టుబట్టేవాళ్లూ ఉన్నారు. ధూమశకటం గతి ఏమైందో వాళ్లకు గుర్తు చేయాలి. కంచె వాసం నుంచి గని దారికి, అక్కడినుంచి ఉక్కు మిల్లుకు నాలుగు శతాబ్దాలు నడిచిన మాటకు మన జనం ఒక బండిని అదనంగా ఇచ్చారు. మిల్లులో ఒక అర్థం, స్టేషన్లో ఒక అర్థం. ఏ కార్మికుడూ పొరబడి కడ్డీకి టిక్కెట్టు కొనలేదు.

ఈసారి మీరు స్టేషన్లో బండి కోసం ఎదురుచూస్తున్నప్పుడు పసుపు గీతకు ఇవతలే నిలబడి ఎదుటి లైను పట్టా నడుం మీద చూడండి. ఉబ్బెత్తు అక్షరాలుంటాయి. ఎన్ని కిలోల రకం, ఏ గ్రేడు, ఎవరు తీశారు, ఏ నెల, ఏ సంవత్సరం, అన్నీ వరసగా చదువుకోవచ్చు. నెల రోమన్ అంకెల్లో ఉంటుంది. ‘సెయిల్’ (భారత ఉక్కు సంస్థ) అని కనబడితే అది చాలావరకు భిలాయిదే.